ఎంఎస్‌డబ్ల్యూ చదివితే కాలేజీలో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: ఖమ్మంలో బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. గతేడాది మా హాస్టల్ రూమ్మేట్ డిప్రెషన్‌లోకి వెళ్లింది. మూడు నెలలు తనను నేనే కనిపెట్టుకుని ఉన్నాను. అప్పటి నుంచి అలాంటి విద్యార్థులకు సాయపడే ఉద్యోగం చేయాలని ఉంది. సైకాలజీ చదవలేదు కాబట్టి పీజీలో సోషల్ వర్క్ (ఎంఎస్‌డబ్ల్యూ) తీసుకోమని ఒక సీనియర్ చెప్పారు. నాన్నేమో ‘అది తిరుగుడు పని, జీతం ఏముంటుంది’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ సీనియర్ మాట సంగతి. సైకాలజీ దొరకనివాళ్లకు సోషల్ వర్క్ అని చాలామంది అనుకుంటారు గానీ, రెండూ వేర్వేరు పనులు. సైకియాట్రిస్టు మందులు రాస్తారు. సైకాలజిస్టు పరీక్షలు చేస్తారు, థెరపీ ఇస్తారు. సోషల్ వర్కర్ ఆ విద్యార్థి చుట్టూ ఉన్నదంతా చూసుకోవాలి. ఇల్లు, హాస్టల్, ఫీజు, బ్యాక్‌లాగ్‌లు, అన్నీ.

ఆ మధ్య ఒక కాలేజీ సోషల్ వర్కర్, పేరు చెప్పకుండా ఓ అమ్మాయి విషయం చెప్పారు. తలనొప్పి మాత్ర కోసమని వచ్చేదట. మూడోసారి వచ్చినప్పుడు, మధ్యాహ్నం రెండు దాటినా చేతిలో టిఫిన్ బాక్సు మూత తీయనట్టే ఉంది. తినలేదేమని అడిగితే ఏడ్చేసింది. నాలుగు సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో తెలియదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ హాల్‌టికెట్ ఆపింది. ధైర్యంగా ఉండమ్మా లాంటి మాటలేవీ ఆవిడ చెప్పలేదు. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగారు. అనిపించిందని ఆ పిల్ల ఒప్పుకుంది. ఆ రాత్రి తోడుండే బాధ్యత రూమ్మేట్ మీద వేయకుండా వార్డెన్‌కు అప్పజెప్పారు. మర్నాడు ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ రాయించి సైకియాట్రిస్టుకు చూపించారు. ఇంటికి ఫోన్ ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకునే చేశారు. అమ్మానాన్నలకు ఏం చెప్పాలో, ఏది ఇప్పుడే వద్దో ఇద్దరూ ముందే కాగితం మీద రాసుకున్నారు. హాల్‌టికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరగడానికి మాత్రం నాలుగు రోజులు పట్టిందట.

అంటే మీ నాన్నగారు తిరుగుడు పని అన్నది నిజమే. ఊళ్లు కాకపోయినా ఆఫీసులూ, ఆసుపత్రులూ తిరగాలి. కూర్చుని కష్టం వినడం ఒక్కటే ఇష్టమైతే ఇందులో ఇమడలేరు.

ఇంకో మాట. రూమ్మేట్ మీద వేయకుండా అన్నాను చూడండి, మీ మీద పడిందే అది. ఆ మూడు నెలలు మీకు నిద్ర ఉందా? ఎవరికైనా చెప్పారా? ఇప్పటికీ ఆ బరువు దిగకపోతే ముందు మీ గురించే ఎవరితోనైనా మాట్లాడండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చదువు విషయానికొస్తే, ఎంఎస్‌డబ్ల్యూ రెండేళ్లు. మీ బీకాం సరిపోతుంది. ప్రవేశ పరీక్ష తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ రాయాలి. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో ఉంది. హైదరాబాద్‌లో గచ్చిబౌలి రోడా మిస్త్రీ కాలేజీ ఈ చదువు కోసమే ఉన్నది. పేరు చూసి చేరకండి. మెడికల్ అండ్ సైకియాట్రిక్ స్పెషలైజేషన్ ఉందా, ఫీల్డ్‌వర్క్‌కు ఎక్కడికి పంపుతారు అని అడగండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి వార్డులో ఒక సెమిస్టర్ తిరిగినవాళ్లకూ, సర్వే ఫారాలు నింపి వచ్చినవాళ్లకూ ఇంటర్వ్యూలో తేడా తెలిసిపోతుంది.

ఎంఎస్‌డబ్ల్యూ అవగానే ‘సైకియాట్రిక్ సోషల్ వర్కర్’ అని బోర్డు పెట్టుకోకూడదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ హోదాకు దానిపైన రెండేళ్ల ఎంఫిల్ కూడా ఉండాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దానికి పేరున్న చోటు. అయితే యూజీసీ ఎంఫిల్‌లు ఎత్తేస్తూ, ఈ కోర్సుకు 2025-26 వరకు మాత్రమే వెసులుబాటు ఇచ్చింది. మీ వంతు వచ్చేసరికి ఏ రూపంలో ఉంటుందో నోటిఫికేషన్ చూసుకునే ముందుకెళ్లండి.

ఇక ఉద్యోగాలు. విశాఖపట్నంలో ఉండి నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినవారై ఉండాలనీ చెప్పింది. తీర్పు రాగానే కుర్చీలు వేసేస్తారని నేను అనుకోను. ఖాళీగా ఉన్న లెక్చరర్‌కే కౌన్సెలర్ అని పేరు పెట్టేవాళ్లు ఉంటారు. ప్రైవేటు కాలేజీల్లో మొదట కాంట్రాక్టే, జీతం కూడా తక్కువే. నాన్నగారి దగ్గర ఇది దాచొద్దు. ఆసుపత్రులు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం లాంటివి కూడా చూసుకోవాలి.

ఇంటర్వ్యూలో మీరూ రెండు అడగండి. నా గది ఎక్కడ? రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయి? ప్రిన్సిపాల్ గది పక్కనే అద్దాల క్యాబిన్ ఇచ్చిన కాలేజీ ఒకటి చూశాను. విద్యార్థులెవరూ రాలేదు, మధ్యాహ్నం అటెండర్ కునుకు తీసేవాడు. ‘ఈ వారం ఎవరెవరొచ్చారో లిస్టివ్వండి’ అని పైనుంచి అడుగుతారు, ఇవ్వకూడదు. ప్రాణాపాయం ఉంటే మాత్రం చెప్పక తప్పదని విద్యార్థికి మొదటి రోజే చెప్పి ఉంచాలి.

దరఖాస్తు పెట్టేముందు మీ జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లి, అక్కడి సోషల్ వర్కర్ టైమిస్తే ఓ గంట మాట్లాడండి. నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి. జీతం సంగతి ఆయనే అడుగుతారు.