కొత్తగా తెరిచిన హోటల్‌కి మొదటి వారంలోనే వెళ్ళొచ్చా, కొన్నాళ్ళు ఆగి వెళ్ళాలా?

వెళ్ళొచ్చండి. కాకపోతే ఒక్కపూట తిని ఆ హోటల్ సంగతి తేల్చేయకండి. ఒకసారి వెళ్ళి, మూడు నాలుగు వారాలు వదిలి మళ్ళీ వెళ్ళండి. ఈ జనవరిలో మా గుంటూరులో నాకు ఎదురైంది చెప్తాను, అప్పుడు ఎందుకంటున్నానో మీకే తెలుస్తుంది.

ఉద్యోగానికని కొత్తగా గుంటూరు వచ్చిన రోజుల్లో నేను బ్రాడీపేటలో రూమ్ తీసుకున్నాను. కుక్కర్‌లో అన్నం పెట్టుకోవడం, సాయంత్రం ఏడు దాటాక దగ్గర్లోని కర్రీ పాయింట్‌కి వెళ్ళి ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పచ్చడి కట్టించుకుని రావడం, అదీ భోజనం. ఆ కర్రీ పాయింట్ నడిపేది భార్యాభర్తలిద్దరే. ఆయన్ని బాబాయ్ అని, ఆమెని పిన్నిగారూ అని పిలవడం అప్పుడే అలవాటైంది. పెళ్ళయ్యాక కూడా నెలకి నాలుగైదుసార్లు వాళ్ళ దోసకాయ పప్పు మా ఇంటికి రావాల్సిందే. సంక్రాంతి వెళ్ళిన వారం వాళ్ళు ఆ కొట్టు పక్కనే ఇంకో రెండు షట్టర్లు అద్దెకి తీసుకుని పన్నెండు బల్లలతో మీల్స్ హోటల్ తెరిచారు. పేరు రాయను, ప్రచారం చేస్తున్నట్టు ఉంటుంది.

తెరిచిన నాలుగో రోజు ఆదివారం. అమ్మ, మా ఆవిడ, పిల్లాడు, నేను ఒంటిగంటన్నరకి వెళ్ళాం. బయట ఇరవైమంది నిలబడి ఉన్నారు, టోకెన్లూ లేవు ఏమీ లేవు, లోపల ఎవరి భోజనం అయిపోవస్తుంటే ఆ కుర్చీ వెనక ఇద్దరు వచ్చి నిలబడుతున్నారు. మాకు చోటు దొరికేసరికి ముప్పావుగంట. అరిటాకు వేసి పచ్చడీ కందిపొడీ పెట్టి వెళ్ళిన కుర్రాడు మళ్ళీ ఎంతకీ రాలేదు. చివరికి అన్నం వచ్చింది.

గరిట వంచితే అన్నం రాలలేదండి, ముద్దగా ఒక్కసారి పడింది. పప్పు పోసి కలిపితే మెతుకు మెతుకుగా ఉండాల్సింది పేస్టులా అయిపోయింది. అమ్మ ఒక మెతుకు వేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి నొక్కి చూసి, "కొత్త బియ్యం రా, ఎసరు కూడా పాత బియ్యానికి పెట్టినట్టే పెట్టేశారు" అంది. తీరా అన్నం చల్లారాక గోంగూర మాంసం వచ్చింది. ఆ కూర మాత్రం, నిజం చెప్తున్నా, నేను గుంటూరులో తిన్నవాటిలో అంత బాగున్నది ఇంకోటి లేదు. ముక్క పట్టుకుంటే ఎముక దానంతటదే విడిపోతోంది, గిన్నె అంచున నూనె ఎర్రగా తేలింది, మొదట కారం తగిలి ఆ తర్వాత గోంగూర పులుపు మెల్లగా దవడల దగ్గర పట్టుకుంటోంది. అంత కూర ఆ ముద్ద అన్నంతో తినాల్సి వచ్చినందుకు నాకు నిజంగా బాధేసింది. పక్క బల్ల మీద ఒకాయన చెయ్యి కడుక్కోకముందే ఫోన్ తీసి ఒక్క స్టార్ ఇచ్చేస్తున్నాడు. ఆయన కోపం అర్థమైంది, డబ్బులు ఆయనవీ కష్టపడినవే కదా. కానీ పద్దెనిమిదేళ్ళు ఊరికి కూరలు వండి పెట్టిన మనుషులకి నాలుగో రోజే ఆ దెబ్బ తగలడం నాకు నచ్చలేదు.

ఆ రోజు ఏమీ మాట్లాడకుండా వచ్చేశాను. అంత రద్దీలో ఏం చెప్పినా ఎక్కదు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, హోటల్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కణ్ణే వెళ్ళి కూర్చుని, "బాబాయ్, కూరలకి వంక పెట్టడానికి లేదు, అన్నమే దెబ్బ కొడుతోంది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాబూ, ఇన్నేళ్ళూ మేం కూరలే అమ్మాం, అన్నం ఎవరిళ్ళలో వాళ్ళే వండుకున్నారు, రెండువందల మందికి అన్నం వార్చడం మాకిదే మొదలు" అన్నాడు. నాకు అప్పటిదాకా అది తట్టనే లేదు. కర్రీ పాయింట్‌లో పదకొండింటికల్లా అన్ని కూరలూ వండటం అయిపోతుంది, ఆ తర్వాత పని కవర్లలో కట్టి ఇవ్వడమే. మీల్స్ హోటల్లో కూర ఒకసారి వండితే సరిపోతుంది కానీ అన్నం విడతలు విడతలుగా, జనం వచ్చే లెక్క చూసుకుంటూ, వేడి తగ్గకుండా వార్చుకుంటూ పోవాలి. తొందర పెరిగితే మొదట చెడేది అన్నమే.

ఇక బియ్యం సంగతి. మా వైపు ఇళ్ళలో, హోటళ్ళలో ఎక్కువగా తినేది బీపీటీ 5204, అదే సాంబ మసూరి. మా పక్కనున్న బాపట్లలోనే పుట్టిన రకం, 1986లో విడుదల చేశారు. ఖరీఫ్ పంట కోతలయ్యాక డిసెంబరు, జనవరి నెలల్లో కొత్త బియ్యం కొట్లలోకి దిగుతుంది. కొత్త బియ్యం ఎసరు తక్కువ అడుగుతుంది, కొంచెం ఎక్కువైతే మెతుకులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అదే కొన్ని నెలలు నిలవున్న బియ్యమైతే గింజ గట్టిపడుతుంది, నీళ్ళు ఎక్కువ తాగుతుంది, అన్నం పొడిపొడిగా వస్తుంది, ఒదుగు కూడా ఎక్కువ, అంటే అన్ని బియ్యానికే అన్నం ఎక్కువవుతుంది. ధర ఎక్కువే, కానీ ఒదుగు లెక్కేసుకుంటే హోటల్ వాళ్ళకి మరీ నష్టమేం కాదు. బాబాయ్ పాత బియ్యం అని చెప్తే నమ్మి బస్తాలు దింపించుకున్నాడు. విప్పి చూస్తే అందులో సగానికి సగం కొత్తవి. ఈ పని సంక్రాంతికి కాకుండా ఆగస్టులో మొదలుపెట్టి ఉంటే ఈ తిప్పలు ఉండేవే కాదు.

ఫిబ్రవరి మూడో వారంలో మళ్ళీ నలుగురం వెళ్ళాం. బియ్యం మార్చారు. అన్నం వార్చడానికి చేయి తిరిగిన ఒక పెద్దావిడని పెట్టుకున్నారు. ఆవిడ ఒకేసారి పెద్ద గుండిగతో కాకుండా చిన్న గుండిగల్లో, ఒకటి వారుస్తుండగానే ఇంకోదానికి ఎసరు పెట్టుకుంటూ పోతోంది. గుమ్మం దగ్గర టోకెన్లు ఇస్తున్నారు. అన్నం వడ్డిస్తుంటే ఆకు మీద గింజలు విడివిడిగా జారాయి, పొగలు వస్తున్నాయి, అమ్మ నెయ్యి వేయించుకుని కందిపొడితోనే రెండుసార్లు పెట్టించుకుంది. పిన్నిగారు వచ్చి అమ్మ పక్కన నిలబడి, "ఇప్పుడెలా ఉందమ్మా అన్నం?" అని అడిగింది, అమ్మ తల ఎత్తకుండా "మంచి బియ్యం తెచ్చారు" అంది. లోపాలు లేవని అనను. రసంలో మిరియం ఎక్కువ, చెయ్యి కడుక్కునే చోట జారుతోంది, ఫ్యాన్లు చాలవు. ఆ మాటే వాళ్ళకీ చెప్పాను.

అందుకే మీకు చెప్పేదేంటంటే, మొదటిసారి వెళ్ళినప్పుడు ఆలస్యం, గందరగోళం చూసి కోపం తెచ్చుకోకండి, అవి నెలలో సర్దుకుంటాయి. రుచి ఉందా లేదా చూడండి. కూరలో పస లేకపోతే నెల ఆగినా రాదు. మురికి, పాచి వాసన, మళ్ళీ మళ్ళీ మరిగించిన నూనె వాసన వస్తే మాత్రం రెండో అవకాశం ఇవ్వకండి, ఇందులో నాకు మొహమాటం లేదు. నిన్నటి కూర వేడి చేసి పెట్టేవాళ్ళు మొదటి వారమే అలా చేస్తే ఆరు నెలలయ్యాక ఏం చేస్తారు? ఆహార భద్రత సంస్థ ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ గోడ మీద కనిపించేలా పెట్టాలి, బిల్లు మీద ఆ 14 అంకెల నంబరు వేయాలి.

బిల్లు కూడా ఒకసారి చూసుకోండి. మామూలు హోటళ్ళలో జీఎస్టీ 5 శాతం. కాంపోజిషన్ పద్ధతిలో, అంటే అమ్మకాల మీద పన్ను తామే కట్టుకునే పద్ధతిలో ఉన్న చిన్న హోటల్ అయితే మన దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. విజయవాడలో కొత్తగా పెట్టిన ఒక పెద్ద రెస్టారెంట్లో మాకు అడగకుండానే సర్వీస్ ఛార్జి కలిపేశారు. అది మన ఇష్టం మీద ఆధారపడింది, తప్పనిసరి కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. మేం అడగ్గానే తీసేశారు. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

ఇంకొక్క మాట. బాగోకపోతే ఫోన్లో రాసే ముందు కౌంటర్ దగ్గర ఉన్న మనిషికి చెప్పండి, అదీ జనం లేని వేళ చూసి. విని సర్దుకునేవాళ్ళెవరో, మొహం తిప్పేసుకునేవాళ్ళెవరో అక్కడే తెలిసిపోతుంది. మొహం తిప్పుకుంటే అప్పుడు రాయండి, ఏం తిన్నారో ఏ రోజు తిన్నారో వివరంగా రాయండి.

మీ ఊళ్ళో తెరిచింది కూడా మీల్స్ హోటలే అయితే మొదటిసారి మామూలు రోజున, పన్నెండున్నరకి వెళ్ళండి. మొదటి విడత అన్నం దొరుకుతుంది, వడ్డించేవాళ్ళకి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. మా బాబాయ్ హోటల్లో అయితే ఆదివారం ఒంటిగంట దాటాక వెళ్తే గోంగూర మాంసం ఉండట్లేదు.