పార్కిన్సన్స్‌కు అయస్కాంత చికిత్స: మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. ఆరేళ్లుగా పార్కిన్సన్స్ వ్యాధికి లెవోడోపా మాత్రలు వాడుతున్నారు. ఈమధ్య తర్వాతి మాత్ర వేళ కాకముందే ఒళ్లు బిగుసుకుపోయి, అడుగు పడటం లేదు. తలపై అయస్కాంతం పెట్టి చేసే చికిత్సతో మాత్రల అవసరమే ఉండదని విన్నాం. చేయించవచ్చా?

జవాబు: ముందుగా ఒక హెచ్చరిక. లెవోడోపాను ఉన్నట్టుండి ఆపేస్తే కండరాలు తీవ్రంగా బిగుసుకుపోయి, జ్వరం పెరిగి, ప్రాణం మీదికి రావచ్చు. ఏ చికిత్స మొదలుపెట్టినా మాత్రలు మీ అంతట మీరు మానకూడదు.

మీరు విన్నది ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్, అంటే టీఎంఎస్ గురించి. తలకు ఆనించిన తీగచుట్టలో పుట్టే అయస్కాంత తరంగాలు పుర్రె గుండా వెళ్లి, మెదడు పైపొరలోని నాడీకణాలను ప్రేరేపిస్తాయి. కోత, మత్తు ఉండవు. ఇది షాక్ చికిత్స కూడా కాదు. అయితే సాధారణ తీగచుట్టల ప్రభావం రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాటదు. పార్కిన్సన్స్‌లో కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించేది అంతకంటే చాలా లోపల, మధ్యమెదడులో. వాటిని టీఎంఎస్ నేరుగా తాకలేదు, తిరిగి పుట్టించనూ లేదు. కదలికలను నియంత్రించే పైపొర భాగాన్ని ప్రేరేపించి, దానితో ముడిపడిన నాడీవలయాల పనితీరును కొంత మార్చగలదు, అంతే.

ఆ భాగంపై ఎక్కువ వేగంతో తరంగాలు పంపినప్పుడు కదలికలు ఓ మోస్తరుగా మెరుగుపడినట్లు కొన్ని అధ్యయనాల్లో తేలింది. ఆ మేలు శాశ్వతం కాదు. పైగా, నయమవుతుందన్న నమ్మకమే ఈ రోగుల మెదడులో డోపమైన్‌ను విడుదల చేయించగలదని 2001లోనే పరిశోధకులు చూపారు. అందువల్ల ఉత్తుత్తి తీగచుట్ట పెట్టినవారితో పోల్చి చూడని ఫలితాలను, చికిత్సకు ముందూ తర్వాతా అంటూ తిరిగే వీడియోలను నేనైతే లెక్కలోకి తీసుకోను. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పరికరానికి అనుమతి ఇచ్చింది కూడా డిప్రెషన్‌కే, పార్కిన్సన్స్‌కు కాదు.

తలలో లోహపు క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం లోపలి చెవిలో అమర్చే పరికరం), ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నా, ఎప్పుడైనా మూర్ఛ (ఫిట్స్) వచ్చినా ముందే చెప్పాలి. తలనొప్పి మామూలే, అరుదుగా ఫిట్స్ రావచ్చు.

మీ నాన్నగారి అసలు ఇబ్బంది, మందు ప్రభావం తర్వాతి మోతాదు వరకు నిలవకపోవడం. మోతాదుల మధ్య వ్యవధి తగ్గించడం, తోడుగా మరో మందు చేర్చడం వంటి మార్గాలు దీనికి ఉన్నాయి. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనంతో కలిపి వేసుకుంటే లెవోడోపా సరిగా పనిచేయదు కనుక, అరగంట ముందు వేసుకోవడం మంచిది. అప్పటికీ కుదరకపోతే మెదడు లోపల సన్నని తీగలు అమర్చి విద్యుత్తుతో ప్రేరేపించే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, ఎన్నింటికి బిగుసుకుపోయారో వారం రోజులు రాసి, ఆ కాగితంతో న్యూరాలజిస్టును కలవండి.