తానే వచ్చి చెప్పినవాడికి మెమో ఇవ్వకు

తల్లీ,

పెదనాన్న ఆశీస్సులు. పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసరుగా వెళుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఆ ఉద్యోగానికి వెళ్తున్న మొదటి ఆడపిల్లవని గర్వపడ్డాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. 2025 జూన్ 30న ఆ పారిశ్రామికవాడలో జరిగిన పేలుడు, తమవాళ్ల ఆచూకీ కోసం బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చి నిలబడ్డ మనుషులు కళ్లముందు మెదిలారు.

హెల్మెట్లు, బూట్లు, మార్చి 4న జాతీయ భద్రతా దినం ప్రతిజ్ఞ చేయించడం నీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది వేరు.

జీడిమెట్లలో నేను షిఫ్టు ఇన్‌ఛార్జిగా ఉన్న రోజులు. ఒక హెల్పరు డ్రమ్ములోంచి టోలీన్ అనే, ఇట్టే అంటుకునే ద్రావకం వంపుతూ ఎర్తింగ్ తీగ తగిలించడం మరిచిపోయాడు. ఆ తీగ లేక చిన్న నిప్పురవ్వ పుట్టినా అంతా అంటుకునేది. అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు. అరగంట తర్వాత తానే నా దగ్గరకు వచ్చి, చేతులు నలుపుకుంటూ, జరిగింది చెప్పాడు. చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నేనేం చేశానో తెలుసా? అందరి ముందూ కేకలేశాను. మెమో ఇచ్చి, ఒక రోజు జీతం కోయించాను. క్రమశిక్షణ నేర్పుతున్నాననుకున్నాను.

రెండు నెలలు ఎవరూ ఏ లోపమూ చెప్పలేదు. అంతా సవ్యంగా ఉందనుకున్నాను. ఒక తెల్లవారుజామున రియాక్టరు, అంటే మందుల రసాయనాలు కలిపే పెద్ద పాత్ర, కడగడానికి మ్యాన్‌హోల్ తెరిచారు. మూసి ఉన్నా నైట్రోజన్ వాల్వులోంచి గ్యాసు లోపలికి కారుతోంది. ఆ గొట్టాన్ని పూర్తిగా మూసే బ్లైండు రేకు వేయలేదు, లోపలి గాలిని మీటరుతో చూడలేదు, అయినా లోపలికి దిగడానికి అనుమతిచ్చే పర్మిటు మీద సంతకం నాదే. నైట్రోజన్‌కు రంగూ వాసనా లేవు, అది నిండినచోట పీల్చడానికి ఆక్సిజన్ ఉండదు. దిగిన మనిషి నిచ్చెన చివరి మెట్టు దగ్గరే కుప్పకూలాడు. అతని కోసం దూకబోయిన వాణ్ణి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆ దూకబోయినవాడు నేను మెమో ఇచ్చిన కుర్రవాడే. లోపలి మనిషిని బయటకు తీసేసరికి ప్రాణం లేదు.

విచారణలో తెలిసింది. ఆ వాల్వు దగ్గర సన్నని చప్పుడు వస్తోందని నలుగురికి వారం ముందే తెలుసు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. నలుగురూ తల వంచుకున్నారు.

అందుకే తల్లీ, తప్పు చేసి తానే వచ్చి చెప్పినవాడిని ముందు కూర్చోబెట్టు, మంచినీళ్లివ్వు. అతను చెప్పిన లోపాన్ని ఎప్పటిలోగా సరిచేస్తారో బోర్డు మీద రాయించు. సరిచేశాక అతనికే చూపించు. ఇది నువ్వు ఒక్కసారి మరిచిపోయినా అతను రెండోసారి నీ దగ్గరకు రాడు.

భోపాల్ ఘోరం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక అధ్యాయం చేర్చారు. ప్రమాదకరమైన పనులు జరిగేచోట భద్రతా కమిటీ ఉండాలని, అందులో కార్మికులూ యాజమాన్యమూ సమాన సంఖ్యలో ఉండాలని రాశారు. మాకూ ఉండేది. కార్మికుల ప్రతినిధులను మేమే ఎంచుకునేవాళ్లం, ఎదురు మాట్లాడనివాళ్లను చూసి మరీ. నువ్వు అలా కానివ్వకు. కాంట్రాక్టు మనిషి ఒకరైనా ఉండాలని పట్టుబట్టు. రియాక్టరులోకి దిగేది ఎక్కువగా వాళ్లే. ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లకు తెలుగు కాగితం చదివి సంతకం పెట్టించుకోవడం మహాపాపం. నీ హిందీ బాగుంటుంది, క్యాంటీనులో వాళ్ల పక్కన కూర్చో. రాత్రి రెండింటికి ఒకసారి ప్లాంటులో తిరుగు. పగలు చెప్పని మాటలు అప్పుడు చెబుతారు.

ఇంకొకటి. పడిపోయిన మనిషి కోసం నువ్వు కూడా దూకవద్దు. నీది చిన్నప్పటి నుంచీ తొందరపడే మనసు. పిల్లి పిల్ల కోసం నూతి గట్టెక్కినప్పుడు నిన్ను కొట్టాను, గుర్తుందా? ఆ చెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది. గాలి సిలిండరు తగిలించుకున్నవాళ్లే దిగాలి. నువ్వు పైనే నిలబడి వాళ్లను పిలువు.

వేళకు తిను. మొదటి రాత్రి షిఫ్టు ఎప్పుడో రాయి. ఆ రాత్రి నేను మేలుకునే ఉంటాను. తెల్లవారి గేటు దాటగానే ఫోను చెయ్యి.

మీ పెదనాన్న