కీళ్లవాతం ఉంది, బిడ్డ కావాలి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. నాలుగేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం. వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మి.గ్రా. వేసుకుంటున్నాను. పిల్లలు కావాలనుకుంటున్నాం. మందులన్నీ మానేస్తేనే కడుపు నిలుస్తుందని మా అత్త పట్టు. ఏవి మానాలి, ఎన్నాళ్ల ముందు?
- ఓ పాఠకురాలు, ఆదోని

జవాబు: మీ చీటీలో మానాల్సింది మెథోట్రెక్సేట్ ఒక్కటేనమ్మా. అది గర్భస్రావానికి, బిడ్డలో అవయవ లోపాలకు దారితీయగలదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కాన్పు దాకా, పాలిచ్చేటప్పుడు కూడా వాడొచ్చు. అన్నీ ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది. వాపులు అదుపులో లేకపోతే నెల తప్పడమే ఆలస్యమవుతుంది. తప్పినా నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువ. మీ అత్తగారికి చెప్పాల్సింది ఈ సంగతే.

మెథోట్రెక్సేట్ ఆపాక ఒక నెల చాలని ఇప్పటి మార్గదర్శకాలు కొన్ని చెబుతున్నా, మూడు నెలలు ఆగమనే డాక్టర్లే ఎక్కువ. మా ఓటూ మూడు నెలలకే. కారణం మందు ఒంట్లో మిగిలిపోవడం కాదు, దాని స్థానంలో వచ్చిన మందు మెథోట్రెక్సేట్ లేకుండానే జబ్బును అదుపులో ఉంచుతోందో లేదో తేలడానికి అంత సమయం కావాలి. సాధారణంగా ఇచ్చేది సల్ఫాసలజీన్. 500 మి.గ్రా.తో మొదలుపెట్టి వారానికి 500 చొప్పున పెంచుతూ రోజుకు 2 గ్రాములకు తెస్తారు. గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. అందుకే ముందు ఇది మొదలుపెట్టి, కుదురుకున్నాక మెథోట్రెక్సేట్ ఆపడం మేలు. తిరగేసి చేస్తే మధ్యలో రెండు నెలలు వేళ్లు ముడవలేక అవస్థ పడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారుపడొద్దు, అది మందు రంగే. ఈ మార్పు జరుగుతున్నన్నాళ్లూ కాపర్‌టీ గానీ నిరోధ్ గానీ తప్పనిసరి.

ఇక ఫోలిక్ యాసిడ్. సల్ఫాసలజీన్ వాడేవాళ్లకు రోజుకు 5 మి.గ్రా. కావాలి. పీహెచ్‌సీలో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో ఉండేది అర మిల్లీగ్రామే, అది దీనికి చాలదు. ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. ఫోలిట్రాక్స్ అంటే మెథోట్రెక్సేట్, ఫోల్వైట్ అంటే ఫోలిక్ యాసిడ్. పేర్లు దగ్గర, మాత్రలూ చిన్నవే. ఫోల్వైట్ అనుకుని ఫోలిట్రాక్స్ రోజూ మింగితే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, కడుపుతో ఉంటే బిడ్డకూ ముప్పే. మాత్రల పట్టీ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివించుకోండి. మానేసిన మందు పట్టీని ఇంట్లో ఉంచనే వద్దు.

నొప్పి మాత్రల మాట. డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటివి కొందరిలో అండం విడుదలను అడ్డుకుంటాయి. నెల తప్పాలని చూస్తున్నప్పుడు వీలైనంత తగ్గించండి, 20 వారాల తర్వాత డాక్టరు చెప్పకుండా ముట్టొద్దు. మామూలు నొప్పికి పారాసిటమాల్ చాలు. స్టెరాయిడ్ తప్పదంటే ప్రెడ్నిసోలోన్‌నే, తక్కువ మోతాదులో ఇస్తారు. మాయ (ప్లాసెంటా) దాన్ని చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది. డెక్సామెథాసోన్ అలా కాదు, నేరుగా బిడ్డకు చేరుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ‘నొప్పి సూది’ వేయించుకునేవాళ్లు అందులో ఏముందో అడగాల్సింది అందుకే.

వాపులు కనీసం మూడు నుంచి ఆరు నెలలు అదుపులో ఉన్నాక ప్రయత్నించండి. ఆలోగా యాంటీ-రో, యాంటీ-లా, యాంటీఫాస్ఫోలిపిడ్ అనే యాంటీబాడీలు ఉన్నాయేమో రక్తపరీక్షలు చేయించాలి. యాంటీ-రో ఉన్న తల్లుల్లో నూటికి ఇద్దరి బిడ్డలకు గుండె స్పందనలో అడ్డంకి వచ్చే అవకాశం ఉంది. అలాంటివాళ్లకు 16వ వారం నుంచి బిడ్డ గుండెకు స్కానింగ్ చేస్తారు, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపనివ్వరు.

ప్రశ్న: లెఫ్లునమైడ్ ఆరు నెలల కిందటే ఆపేశాను. ఇప్పుడు ప్రయత్నించొచ్చా?
- ఓ పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అప్పుడే వద్దమ్మా. ఆ మందు కొందరి ఒంట్లో రెండేళ్ల దాకా ఉంటుంది. కడిగేయడానికి కొలెస్టిరమైన్ పొడి ఇస్తారు: 8 గ్రాములు, రోజుకు మూడుసార్లు, 11 రోజులు. పొట్లం 4 గ్రాములదైతే రోజుకు ఆరు, మొత్తం 66. మందుల షాపుకు ముందే చెప్పి తెప్పించుకోండి, మధ్యలో అయిపోకూడదు. నీళ్లలో కలిపి తాగాలి. మలబద్ధకం, కడుపుబ్బరం మామూలే. వేరే మాత్రలుంటే ఈ పొడికి గంట ముందు గానీ నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి, లేకపోతే వాటినీ ఇది పట్టేసుకుంటుంది. గర్భనిరోధక మాత్రలదీ అదే గతి. ఆ తర్వాత రక్తంలో మందు మోతాదు లీటరుకు 0.02 మి.గ్రా. కన్నా తక్కువని 14 రోజుల తేడాతో రెండుసార్లు తేలాలి.

ప్రశ్న: మెథోట్రెక్సేట్ వాడుతుండగానే నెల తప్పింది. ఆరో వారం. తీయించుకోవాల్సిందేనా?
- ఓ పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: ‘తీయించుకోవాల్సిందే’ అనేమీ లేదు. మాత్ర ఈ రోజే ఆపండి, ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఈ రోజే మొదలుపెట్టండి, ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. గర్భం వచ్చాక కూడా ఈ మందు వాడినవాళ్లలో గర్భస్రావాలు ఎక్కువ. పెద్ద లోపాలు మామూలుగా నూటికి ముగ్గురు బిడ్డల్లో ఉంటే, వీళ్లలో ఆరేడుగురికి కనిపించాయి. ఆ లెక్కనే, నూటికి తొంభై మందికి పైగా పెద్ద లోపాలు లేకుండా పుట్టారు. 18 నుంచి 20 వారాల మధ్య వివరమైన స్కానింగ్ చేయించండి. ఉంచుకోవాలా వద్దా అన్నది మీ దంపతుల నిర్ణయం.

ప్రశ్న: కాన్పైతే కీళ్లనొప్పులు పోతాయంటారు, నిజమేనా? నాకిప్పుడు ఏడో నెల, అడాలిముమాబ్ సూది మీద ఉన్నాను.
- ఓ పాఠకురాలు, కడప

జవాబు: తలకిందులుగా విన్నారు. తగ్గేది కడుపుతో ఉన్నప్పుడు, అదీ సగానికి కొంచెం పైగా మందిలోనే. ఫిలిప్ హెంచ్ అనే అమెరికా వైద్యుడు 1930లలో ఇది గమనించే కార్టిసోన్ అనే స్టెరాయిడ్ దాకా వెళ్లాడు, 1950లో నోబెల్ అందుకున్నాడు. కాన్పయ్యాక మొదటి మూడు నాలుగు నెలల్లో చాలామందికి జబ్బు తిరిగి విరుచుకుపడుతుంది. మీరు పుట్టింట్లో ఉండేది సరిగ్గా ఆ నెలల్లోనే. అందుకని మందుల చీటీ, ఫైలు వెంట తీసుకెళ్లండి. ఆ రోజుల్లో సంకటి గెలికే పని మీది కాకూడదు, మణికట్టు ఓర్చుకోదు. బిడ్డను బొటనవేళ్ల మీద కాకుండా ముంజేతుల మీద ఎత్తుకోండి, పాలిచ్చేటప్పుడు ఒళ్లో దిండు పెట్టుకోండి. సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, అడాలిముమాబ్ వాడుతూ పాలివ్వొచ్చు. మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్, టోఫాసిటినిబ్ వద్దు.

మీ సూది సంగతి తొందరగా తేల్చుకోండి. 28 వారాల తర్వాత కూడా కొనసాగిస్తే మందు బిడ్డకూ చేరుతుంది, కాబట్టి పుట్టగానే వేసే బీసీజీ (క్షయ) టీకాను ఆరు నెలల దాకా ఆపాలి. కాన్పు గదిలో ఈ మాట ఎవరికీ గుర్తుండదు. తల్లీబిడ్డ కార్డు మీద ఎర్ర ఇంకుతో ఇప్పుడే రాయించండి, ఏఎన్ఎంకు చెప్పి ఉంచండి. పోలియో, రోటా చుక్కల గురించి పిల్లల డాక్టరును అడగండి.

ప్రశ్న: కీళ్లవాతం నాకు, మా ఆవిడకు కాదు. నేనూ మందులు మానాలా?
- ఓ పాఠకుడు, కళ్యాణదుర్గం

జవాబు: వారానికి వేసుకునే మామూలు మోతాదు మెథోట్రెక్సేట్‌ను మగవాళ్లు మానక్కర్లేదని ఇప్పటి మార్గదర్శకాల మాట. సల్ఫాసలజీన్ మాత్రం వీర్యకణాల సంఖ్యను తగ్గించవచ్చు. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే వీర్యపరీక్ష చేయించండి. మందు మారిస్తే రెండు మూడు నెలల్లో సంఖ్య మళ్లీ పెరుగుతుంది.