ఆంఫిపాల్‌ను మళ్లీ మార్చడం ఎందుకు?

ప్రశ్న: కణపొరలోని ప్రోటీన్లను నీటిలో నిలిపి ఉంచడానికి ఆంఫిపాల్ అనే పాలిమర్లను వాడతారని చదివాను. అవి బాగానే పనిచేస్తుంటే, రకరకాలుగా మార్చడం దేనికి? అలా మారిస్తే ప్రోటీన్‌కు హాని జరగదా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, హన్మకొండ

జవాబు: హాని సంగతి ముందు చూద్దాం. ప్రోటీన్‌ను పట్టుకునే కొవ్వు గొలుసుల జోలికి పెద్దగా పోకుండా, నీటివైపు ఉండే భాగాన్నే ఎక్కువగా మారుస్తారు కాబట్టి, సాధారణంగా ప్రోటీన్‌కు ఆ మార్పు తెలియదు.

ఫ్రాన్స్‌లో పోపో, ట్రిబే, ఒడెబెర్ బృందం 1996లో ప్రకటించిన ఆంఫిపాల్‌లలో ఎ8-35 బాగా ప్రసిద్ధం. ఇందులోని పాలీయాక్రిలిక్ ఆమ్లపు గొలుసులో ప్రతి 100 యూనిట్లకు సుమారు 25 ఆక్టైల్ గుంపులు (పైన చెప్పిన కొవ్వు గొలుసులివే), 40 ఐసోప్రొపైల్ గుంపులు తగిలించి ఉంటాయి. మిగిలిన 35 కార్బాక్సిలేట్లు నీటితో చెలిమి చేస్తాయి. పేరులోని 35 అదే. 8 అప్పట్లో అనుకున్న అణుభారం, అంటే 8 కిలోడాల్టన్లు. అసలు సగటు 4.3 దగ్గర ఉందని తర్వాత తేలినా పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. ప్రోటీన్‌ను కణపొర నుంచి బయటికి తీయడానికి వాడిన డిటర్జెంట్‌ను పాలీస్టైరీన్ పూసలతో తొలగించగానే ఈ గొలుసులు ప్రోటీన్ నడుము చుట్టూ నడికట్టులా అనేక చోట్ల పట్టుకుంటాయి. మిరప ఘాటును గుర్తించే టీఆర్‌పీవీ1 ప్రోటీన్ నిర్మాణాన్ని 2013లో డేవిడ్ జూలియస్, యీఫాన్ చెంగ్ ప్రయోగశాలలు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో (గడ్డకట్టించిన నమూనాను ఎలక్ట్రాన్లతో చూసే పద్ధతి) 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపింది ఈ నడికట్టుతోనే.

చిక్కంతా ఆ కార్బాక్సిలేట్లతోనే. పీహెచ్ 7 కంటే తగ్గినా, కాల్షియం ఎక్కువైనా వాటి ఆవేశం అణగిపోతుంది. గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని, ట్యూబులోని తేట ద్రావణం మబ్బుపట్టి, ప్రోటీన్‌తో సహా అడుగుకు చేరతాయి. ఆమ్లంలోనూ ఆవేశం పోని సల్ఫోనేట్లను చేరిస్తే ఈ బెడద తప్పుతుంది. ఆవేశమే లేకుండా గ్లూకోజ్ గుంపులతో చేసినవీ ఉన్నాయి. తయారీ కష్టమే అయినా, కణరహిత ప్రోటీన్ సంశ్లేషణను (సజీవ కణాలు లేకుండా ట్యూబులోనే ప్రోటీన్ తయారుచేయడాన్ని) ఎ8-35 ఆపేస్తుండగా ఇవి సాగనిస్తాయి.

నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచేది బయోటిన్ అనే చిన్న విటమిన్ అణువును తగిలించిన ఆంఫిపాల్. ప్రోటీన్‌ను ఒక చిప్‌కు అంటించాలంటే మామూలుగా దాని జన్యువులోనే ట్యాగ్, అంటే పట్టుకోవడానికి వీలైన ఒక చిన్న తోక, చేర్చాలి. ఇక్కడ ట్యాగ్ ఉండేది నడికట్టుకు కాబట్టి, బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ ప్రోటీన్ పూసిన చిప్‌కు ఆ నడికట్టు పట్టుకుంటుంది; ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లమూ మారదు, ఒకే పాలిమర్ పది ప్రోటీన్లకు పనికొస్తుంది. ఫ్లోరసెంట్ రంగు తగిలించడం వెనుక ఉన్నదీ ఇదే ఉపాయం. అణువుల నిర్మాణాన్ని అయస్కాంత క్షేత్రంలో పరిశీలించే ఎన్‌ఎమ్‌ఆర్‌లో పాలిమర్ సంకేతాలు అడ్డురాకుండా హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యూటీరియం పెట్టడం మాత్రం వేరే అవసరం.

ఒక జాగ్రత్త ఉంది. నీటిలో ఊడిరాని ఈ నడికట్టును డిటర్జెంట్ గానీ, విడిగా ఉన్న వేరే ఆంఫిపాల్ గానీ తోసేయగలదు. అందుకే బయోటిన్ చిప్‌ను కడిగే బఫర్‌లో డిటర్జెంట్ ఉండకూడదు. ఉంటే ట్యాగ్ చిప్ మీద మిగిలి, ప్రోటీన్ కడిగిన నీటితో కొట్టుకుపోతుంది.