కాంటాక్ట్ లెన్స్ తీసిన రోజే స్కాన్ చేయిస్తే తేడా వస్తుందండి

లాసిక్ (చూపు సరిచేసే లేజర్ ఆపరేషన్) కోసం రెండు చోట్ల కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) స్కాన్ తీయిస్తే రీడింగులు కలవలేదని రాశారు. టెన్షన్ పడకండి. మొదటి స్కాన్‌కి ఆ పొద్దుటిదాకా లెన్స్ పెట్టుకునే వెళ్లానన్నారు కదా, చిక్కు అక్కడే ఉండొచ్చు. రోజూ లెన్స్ ఆనుకుని ఉంటే కార్నియా వంపు కాస్త మారుతుంది. తీసేశాక మామూలు ఆకారానికి రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ సలహా ప్రకారం మొదటి పరీక్షకు ముందు సాఫ్ట్ లెన్సులైతే 2 వారాలు, ఆర్‌జీపీ (ఆక్సిజన్‌ని లోపలికి పోనిచ్చే గట్టి లెన్సులు) రకమైతే కనీసం 3 వారాలు మానేయాలి. అన్నాళ్లూ కళ్లద్దాలే (నాకూ విసుగొచ్చింది లెండి). తర్వాత ఒకే మెషిన్ మీద వారం తేడాతో రెండుసార్లు తీయించండి. అప్పటికీ కలవకపోతే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకండి. కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంకువులా ముందుకు ఉబ్బే జబ్బు) ఉందేమోనని డాక్టర్‌ని సూటిగా అడగండి.