కంప్యూటర్ సందేహాలు: పాత విండోస్‌కు పెన్‌డ్రైవ్ ఎందుకు తెలియదు?

ప్రశ్న: మా నాన్నగారు ఎన్నో ఏళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నారు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, గుడి వార్షికోత్సవ ఆహ్వానాలు అన్నీ విండోస్ 98 కంప్యూటర్‌లోనే, పేజ్‌మేకర్ 6.5లో అను ఫాంట్లతో చేస్తారు. కొత్త సిస్టమ్ కొన్నా ఆయన చెయ్యి దానిమీద నడవదు. మొన్న ఫ్లాపీ డ్రైవ్ పాడైంది. వెనక రెండు యూఎస్‌బీ పోర్టులు ఉన్నాయి, పెన్‌డ్రైవ్ పెడితే ‘యాడ్ న్యూ హార్డ్‌వేర్’ అని వచ్చి డ్రైవర్ డిస్క్ అడుగుతోంది. చూడ్డానికి వచ్చిన మెకానిక్ పోర్టులు పోయాయి, మదర్‌బోర్డు మార్చాలి అన్నాడు. నిజమేనా? ఫైళ్లు బయటికి తీసే దారి ఉందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మదర్‌బోర్డు జోలికి వెళ్లకండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఆ విండో వచ్చిందంటే పోర్టు పనిచేస్తోందనే అర్థం. లోపలికి ఏదో వచ్చిందని కంప్యూటర్‌కు తెలిసింది, దానితో ఎలా మాట్లాడాలో మాత్రం తెలియలేదు. అది నేర్పే చిన్న ప్రోగ్రామ్‌నే డ్రైవర్ అంటారు.

విండోస్ 98 వచ్చింది 1998 జూన్‌లో, దాని సెకండ్ ఎడిషన్ 1999లో. పెన్‌డ్రైవ్‌లు బజారులోకి వచ్చింది 2000 సంవత్సరం చివర్లో, అదీ 8 ఎంబీ సైజులో. యూఎస్‌బీ మౌస్, కీబోర్డ్ లాంటివాటిని 98 తనంతట తాను గుర్తుపడుతుంది గానీ, ఏ కంపెనీ పెన్‌డ్రైవ్ అయినా నడిపించే ఉమ్మడి డ్రైవర్ అందులో లేదు. అందుకే అప్పట్లో పెన్‌డ్రైవ్ కొంటే డబ్బాలో ఒక చిన్న సీడీ వచ్చేది, ఆ కంపెనీ డ్రైవర్ ఆ కంపెనీ పెన్‌డ్రైవ్‌కే పనికొచ్చేది. 2000లో వచ్చిన విండోస్ 2000, విండోస్ ఎంఈల నుంచి ఆ డ్రైవర్ లోపలే ఉంటోంది. ఇక 98కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2006 జులైలోనే ఆగిపోయింది కాబట్టి కంపెనీ నుంచి కొత్తగా ఏదీ రాదు.

డ్రైవర్ సంగతి చెబుతాను, కానీ ముందు నాన్నగారి ఫైళ్ల గురించి ఆలోచించండి. ఆ హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టి ఎన్నేళ్లయిందో లెక్కవేసుకోండి. దానిమీద కొత్త డ్రైవర్లతో ప్రయోగాలు మొదలుపెట్టకముందే ఒక కాపీ బయటికి రావాలి, ఈ ఒక్క విషయంలో నా మాట తప్పకుండా వినండి. అప్పటి హార్డ్ డిస్క్‌ల కనెక్టర్‌ను ఐడీఈ అంటారు, దాన్ని యూఎస్‌బీ పోర్టుకు కలిపే ‘ఐడీఈ టు యూఎస్‌బీ కన్వర్టర్’ అని ఒక కేబుల్ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో గానీ, హైదరాబాద్ వైపు వస్తే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో గానీ అడగండి. డిస్క్‌కు కరెంటిచ్చే విడి అడాప్టర్ కూడా ఉన్నదే తీసుకోండి, డెస్క్‌టాప్ డిస్క్‌కు యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు చాలదు. కంప్యూటర్ ప్లగ్గు తీసేసి, డిస్క్ విప్పి, వెనక పిన్నుల మీద ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క (జంపర్) ‘మాస్టర్’ స్థానంలో ఉందో లేదో చూసి, 40 పిన్నుల కనెక్టర్‌ను నిదానంగా తగిలించండి. బలంగా నొక్కితే పిన్ను వంగుతుంది. అప్పుడు దాన్ని మీ కొత్త కంప్యూటర్‌కు పెడితే సి డ్రైవ్ మొత్తం మామూలు ఫోల్డర్లలా కనిపిస్తుంది, ఎందుకంటే డిస్క్‌మీద ఫైళ్లు సర్దడానికి 98 వాడే ఫ్యాట్32 పద్ధతిని విండోస్ 10, 11 కూడా చదవగలవు. ‘ఫార్మాట్ చేయాలా’ అని ఎక్కడైనా అడిగితే మాత్రం క్యాన్సిల్ నొక్కి ఆగిపోండి. మొత్తం కాపీ అయ్యాక డిస్క్‌ను మళ్లీ దాని చోట బిగించండి.

ఇప్పుడు డ్రైవర్. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. 4.10.2222 ఏ అని ఉంటే అది సెకండ్ ఎడిషన్, దారి ఉంది. 4.10.1998 అని ఉంటే మొదటి ఎడిషన్, దానికి నేను చెప్పబోయేది పనికిరాదు, పైన చెప్పిన కేబుల్‌తోనే సరిపెట్టుకోండి.

సెకండ్ ఎడిషన్‌కు ‘మాక్సిమస్ డెసిమ్ నేటివ్ యూఎస్‌బీ’ అనే డ్రైవర్ల ప్యాకేజీ ఉంది, పాత కంప్యూటర్లు వాడేవాళ్లు దీన్ని ఎన్‌యూఎస్‌బీ అంటారు. ఇంగ్లిష్ విండోస్‌కు 3.3, 3.6 వెర్షన్లు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఇది మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఇచ్చినది కాదు, అందుకే ముందు కాపీ తీసుకోమన్నాను. దీన్ని 98 నుంచే డౌన్‌లోడ్ చేద్దామనుకోకండి, ఇప్పటి సైట్లు ఆ బ్రౌజర్లలో తెరుచుకోవు, పైగా ఆ మెషీన్‌ను నెట్‌కు కలపడమే మంచిది కాదు. కొత్త కంప్యూటర్‌లో దించి, వైరస్ స్కాన్ చేసి, సీడీలో రాయించుకోండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వరుస తప్పితే పని చెడుతుంది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పెన్‌డ్రైవ్ తీసేసి డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి, ఇంతకుముందు ఎవరైనా వేసిన పెన్‌డ్రైవ్ డ్రైవర్లు, పసుపు రంగు ప్రశ్న గుర్తుతో ఉన్న అన్‌నోన్ డివైస్‌లు, యూఎస్‌బీ 2.0 కార్డు ఉంటే దాని డ్రైవర్ కూడా, ఒక్కొక్కటిగా రిమూవ్ చేయండి. మధ్యలో రీస్టార్ట్ అడిగితే ‘నో’ అనండి. అప్పుడు ఎన్‌యూఎస్‌బీ నడిపి, ఆ తర్వాతే రీస్టార్ట్ చేయండి. విండోస్ 98 సీడీ అడిగితే కంగారు పడక్కర్లేదు, చాలా కంప్యూటర్లలో ఆ ఫైళ్లు సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్‌లో ఆప్షన్స్, అందులో క్యాబ్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, దాన్నే చూపించండి. అన్నీ అయ్యాక పెన్‌డ్రైవ్ పెడితే మై కంప్యూటర్‌లో కొత్త డ్రైవ్ కనిపిస్తుంది.

ఏ పెన్‌డ్రైవ్ పెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. ఈరోజు కొనే 64 జీబీవి ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే పద్ధతిలో వస్తాయి, 98కి అది గానీ, కొత్త విండోస్‌లు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి గానీ తెలియదు, తెలియనిదాన్ని చూసి ఫార్మాట్ చేస్తానంటుంది. ఇంట్లో ఏ మూలో పడి ఉన్న 2 జీబీ, 4 జీబీ పెన్‌డ్రైవ్ దీనికి బాగా పనికొస్తుంది. కొత్త కంప్యూటర్‌లో దాన్ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి తెండి, అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందే చూసుకోండి. తెలుగు అక్షరాల్లో ఫైల్ పేర్లు పెట్టొద్దు, 98లో అవి సరిగ్గా కనిపించవు. ఆ కాలం పోర్టులు సాధారణంగా యూఎస్‌బీ 1.1వి, సెకనుకు దాదాపు ఒక ఎంబీ వెళ్తే గొప్ప, అంటే ఒక జీబీకి పదిహేడు ఇరవై నిమిషాలు. ఆగిపోయిందనుకుని మధ్యలో లాగేయకండి. తీసేముందు గడియారం పక్కన వచ్చే ఐకాన్ మీద క్లిక్ చేసి ఆపి తీయాలి, ఈ అలవాటు నాన్నగారికి దగ్గరుండి నేర్పండి.

ఇంకొక్కటి. పేజ్‌మేకర్ ఫైల్ ఒక్కటే తీసుకెళ్తే కార్డు రాదు. బొమ్మలు చాలావరకు లింకులుగా ఉంటాయి, కాబట్టి ఫోల్డర్ మొత్తం ఉన్నది ఉన్నట్టు కాపీ చేయాలి. ఫాంట్స్ ఫోల్డర్ తెరిచి అన్నీ సెలెక్ట్ చేసి ఒక కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడే ఉమ్మడి పద్ధతి యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ పాడైందని డిలీట్ చేసేవాళ్లున్నారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అన్నేళ్ల మీ ఊరి పెళ్లిళ్లు, పండగలు ఆ డిస్క్‌లో ఉన్నాయి, ఒక్కటీ పారేయకండి.

ప్రశ్న: మా దగ్గర విండోస్ 95 ఉంది. దానికీ ఇదే పద్ధతి పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పనిచేయదు. 95లో చివరి వెర్షన్లకే యూఎస్‌బీ కాస్త వచ్చింది, అది పెన్‌డ్రైవ్ దాకా రాలేదు. డిస్క్ విప్పి కన్వర్టర్ కేబుల్‌తో తీసుకోండి.

ప్రశ్న: మా ఆఫీసులో అకౌంట్స్ కంప్యూటర్ విండోస్ ఎక్స్‌పీ. పెన్‌డ్రైవ్ పెడితే టింగుమని శబ్దం వస్తుంది, కింద ఐకాన్ కూడా వస్తుంది, మై కంప్యూటర్‌లో మాత్రం డ్రైవ్ ఉండదు. ఇంకో కంప్యూటర్‌లో అదే పెన్‌డ్రైవ్ బాగానే ఉంది.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీది డ్రైవర్ సమస్య కాదు, డ్రైవ్ లెటర్ గొడవ అయ్యుంటుంది. ఆఫీసుల్లో సర్వర్ ఫోల్డర్‌ను ఎఫ్ అనో జీ అనో పెట్టుకుంటారు, ఎక్స్‌పీ ఆ సంగతి చూసుకోకుండా పెన్‌డ్రైవ్‌కు కూడా అదే అక్షరం ఇస్తుంది, దాంతో పెన్‌డ్రైవ్ కనిపించకుండా పోతుంది. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, మేనేజ్, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్తే కింద పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది. దానిమీద రైట్ క్లిక్ చేసి ‘ఛేంజ్ డ్రైవ్ లెటర్’తో ఎవరూ వాడని అక్షరం, ఆర్ అనో టీ అనో ఇవ్వండి. ఆ మెనూలోనే ఫార్మాట్ కూడా ఉంటుంది, చెయ్యి జారకుండా చూసుకోండి. పెట్టినప్పుడు శబ్దం, ఐకాన్ కూడా రాకపోతే, సిస్టమ్స్ చూసుకునేవాళ్లు కావాలనే యూఎస్‌బీ స్టోరేజ్ ఆపి ఉండొచ్చు. అకౌంట్స్ కంప్యూటర్ కాబట్టి దాన్ని మీరే రిజిస్ట్రీలో మార్చకుండా వాళ్లను అడిగి తెరిపించుకోండి.